గంటకు ఎంతమంది?

2013 ఆగస్టు 12న ఎలాన్ మస్క్ దాదాపు 60 పేజీల పత్రం ఒకటి విడుదల చేశాడు. దాని పేరు ‘హైపర్‌లూప్ ఆల్ఫా’. స్తంభాల మీద ఉక్కు గొట్టం వేస్తారు. అందులోంచి గాలిని దాదాపు మొత్తం తోడేస్తారు. 28 మంది కూర్చునే పెట్టె ఆ ఖాళీలో గంటకు 1,220 కి.మీ. వేగంతో దూసుకుపోతుంది. లాస్ ఏంజిలిస్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు 35 నిమిషాలు. కట్టడానికి 600 కోట్ల డాలర్లు, టికెట్టు 20 డాలర్లు. ప్రపంచమంతటా పత్రికలు ఈ అంకెలనే అచ్చేశాయి. అదే పత్రంలో ఇంకో అంకె ఉంది. రెండు నిమిషాలకొక పెట్టె చొప్పున గంటకు 840 మంది. ఇన్నేళ్లుగా ఈ గొట్టం చుట్టూ నడుస్తున్న వాదాలన్నీ ముందేసుకుని చదివాక, మొదట అడగవలసిన ప్రశ్న ఈ 840 దగ్గరే ఉందని నాకు గట్టిగా అనిపించింది.

టోక్యో–ఒసాకా మధ్య నడిచే షింకన్‌సెన్ 16 బోగీల బండిలో 1,323 సీట్లుంటాయి. రద్దీ వేళల్లో అలాంటి బళ్లు నాలుగైదు నిమిషాలకొకటి బయల్దేరతాయి. అంత దూరం ఎందుకు, 2023 సంక్రాంతికి మొదలైన సికింద్రాబాద్–విశాఖ వందేభారత్‌లో అప్పుడు 1,128 సీట్లు. ఆ ఒక్క బండెడు జనాన్ని పంపడానికి గొట్టానికి గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. పండగ ముందు రోజు సాయంత్రం సికింద్రాబాద్ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆ జనసముద్రాన్ని చూసినవారికి 840 అంటే ఎంత చిన్న సంఖ్యో వేరే చెప్పక్కర్లేదు.

దీనికి గొట్టం పక్షాన ఉన్నవాళ్ల దగ్గర జవాబు లేకపోలేదు. రద్దీ వేళ 30 సెకన్లకొక పెట్టె పంపవచ్చని ఆ పత్రమే అంది. అలా అయితే గంటకు 3,360 మంది అవుతారు. కానీ గంటకు 1,220 కి.మీ. అంటే సెకనుకు 339 మీటర్లు. 30 సెకన్ల ఎడం అంటే ముందు పెట్టెకూ వెనక పెట్టెకూ మధ్య 10 కి.మీ. దూరం. మన బరువులో సగమంత బలంతో, అంటే బెల్టు లేనివాడు ముందు సీటుకు కొట్టుకునేంత గట్టిగా బ్రేకు వేసినా, పెట్టె ఆగేసరికి 11 కి.మీ. పైనే దాటిపోతుంది. పసిపిల్లలూ ముసలివాళ్లూ తట్టుకోగలిగేలా మెల్లగా ఆపాలంటే 28, 29 కి.మీ. కావాలి. ముందుది ఉన్నట్టుండి నిలిచిపోయినా వెనకది గుద్దుకోకూడదన్నది రైల్వేలు నూరేళ్లకు పైగా పాటిస్తున్న నియమం. దాని ప్రకారం లెక్కేస్తే రెండు పెట్టెల మధ్య ఎడం ఒకటిన్నర నిమిషానికి తగ్గదు. గంటకు 1,200 మందిని దాటించడం గగనమైపోతుంది.

తర్వాత వచ్చిన కంపెనీలు పెట్టెలు పెద్దవి చేస్తామన్నాయి, గొలుసుకట్టుగా ఒకదాని వెనక ఒకటి దగ్గరదగ్గరగా నడిపిస్తామన్నాయి. లెక్క ప్రకారం ఇందులో తప్పు లేదు. అయితే ముందు బండి ఎప్పుడూ హఠాత్తుగా ఆగదని నమ్మితేనే ఆ లెక్క నిలుస్తుంది. ప్రాణాలతో ముడిపడిన చోట అంత నమ్మకం పెట్టుకోవడానికి రైల్వే భద్రతాధికారులు తేలిగ్గా ఒప్పుకోరు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1799లోనే జార్జ్ మెడ్‌హర్స్ట్ అనే ఇంగ్లిషువాడు గాలి బలంతో సరుకులు గొట్టంలో పంపవచ్చని ప్రతిపాదించాడు. 1870లో న్యూయార్క్ బ్రాడ్‌వే కింద ఆల్ఫ్రెడ్ బీచ్ 95 మీటర్ల సొరంగం తవ్వి, పెద్ద ఫ్యానుతో గాలి ఊది ఒక బోగీని అటూ ఇటూ నడిపించి చూపించాడు. జనం విరగబడి ఎక్కారు. మూడేళ్లలో అది మూతపడింది. గాలి తోడేసిన గొట్టంలో అయస్కాంతాల మీద బండి తేలాలన్న ఆలోచన ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రష్యాలో టోమ్స్క్ ఆచార్యుడు బోరిస్ వైన్‌బర్గ్‌కు, అమెరికాలో రాకెట్ శాస్త్రవేత్త రాబర్ట్ గొడార్డ్‌కు వేర్వేరుగా వచ్చింది. గొడార్డ్ పేటెంటు ఆయన పోయాక 1950లో మంజూరైంది. 1970ల్లో ర్యాండ్ సంస్థలో రాబర్ట్ సాల్టర్ అమెరికా ఈ కొస నుంచి ఆ కొసకు గొట్టం వేయవచ్చని రాశాడు. స్విట్జర్లాండ్‌లో స్విస్‌మెట్రో ఏళ్ల తరబడి కాగితాల మీద నడిచి 2009లో ఆగిపోయింది.

వీటన్నిటిలో నేను ఆగి చూసేది ఇసంబార్డ్ బ్రూనెల్ కథ దగ్గర. వంతెనలు, ఓడలు, రైలుమార్గాలు కట్టిన మహా ఇంజినీరు ఆయన. 1847లో ఇంగ్లండ్ నైరుతిన డెవన్ తీరం వెంట గాలి రైలు నడిపాడు. పట్టాల మధ్యన గొట్టం, అందులో పిస్టన్, పిస్టన్‌కు పైన బోగీ కట్టి ఉంటుంది. ఐదేసి కిలోమీటర్లకు ఒక పంపింగు గది గొట్టంలోంచి గాలి తోడుతుంది. వెనకనున్న గాలి పిస్టన్‌ను తోస్తుంది, బండి కదులుతుంది. పొగ లేదు, చప్పుడు లేదు, ఆ రోజుల్లో నమ్మలేనంత వేగం. సిద్ధాంతంలో ఎక్కడా పొల్లు లేదు. అయితే పిస్టన్‌ను బోగీకి కలిపే చువ్వ కదలాలంటే గొట్టం పైన పొడుగునా చీలిక ఉండాలి. ఆ చీలిక మీద తోలు పట్టీ మూతగా పెట్టి, గాలి చొరబడకుండా కొవ్వు పూశారు. ఎండకు తోలు ఎండింది, చలికి బిరుసెక్కింది, అంచుల్లో చీలింది. కారుతున్న గాలిని తోడడానికి పంపులకు మరింత బొగ్గు పోయవలసి వచ్చింది. మైళ్ల పొడుగున తోలు మార్చాలంటే ఎంతవుతుందో లెక్కేసి చూసి, 1848 సెప్టెంబరులో బ్రూనెలే ఆపేయమని చెప్పాడు. ఏడాది తిరిగింది అంతే. భౌతికశాస్త్రం ఆయన్ను మోసగించలేదు. మైళ్ల పొడుగు తోలును రోజూ కాపాడుకోవడమే ఆయన వల్ల కాలేదు.

గొట్టం బండిని అనుమానించేవాళ్లంతా ఒకే మాట అనడం లేదు. అది అసాధ్యమనేవాళ్లు కొందరు, ప్రమాదమనేవాళ్లు కొందరు, దండగ అనేవాళ్లు మరికొందరు. వీటిని విడివిడిగా తూచాలి, ఎందుకంటే కొన్ని అనుమానాలు నిలబడవు.

అసాధ్యమన్న మాట సంగతి. మా బడిలో భౌతికశాస్త్రం మాస్టారు ఒకరోజు ఖాళీ కిరోసిన్ డబ్బా తెచ్చారు. అందులో గ్లాసుడు నీళ్లు పోసి స్టవ్వు మీద పెట్టారు. మూతి లోంచి ఆవిరి బుసబుసా వచ్చేదాకా ఆగి, గుడ్డతో పట్టుకుని దించి, మూత బిర్రుగా బిగించారు. పైన చెంబుడు చన్నీళ్లు పోశారు. క్షణం ఏమీ కాలేదు. తర్వాత టప్పున ఒక పక్క లోపలికి పోయింది, రెండో పక్క, ఆ తర్వాత డబ్బా అంతా ఎవరో పిడికిట్లో నలిపినట్టు ముడుచుకుపోయింది. ముందు బెంచీలో ఉన్న నేను వెనక్కి జరిగాను. మన చుట్టూ ఉన్న గాలి చదరపు మీటరుకు 10 టన్నుల బరువుతో నొక్కుతుందని పుస్తకంలో చదివినప్పుడు కలగని భయం ఆ డబ్బా చూశాక కలిగింది. మస్క్ పత్రంలోని గొట్టం లోపలి వ్యాసం 2.23 మీటర్లు. లోపల మిగిలే గాలి బయటి గాలిలో వెయ్యో వంతు. అంటే గొట్టం మీద ప్రతి మీటరు పొడుగుకూ 70 టన్నుల ఒత్తిడి, రాత్రింబవళ్లు, నిరంతరం.

కానీ దీన్నిబట్టి గొట్టం నిలవదని అనలేం. తగిన మందం ఉన్న ఉక్కు, మధ్యమధ్య పట్టీలు ఉంటే నిలుస్తుంది. అమెరికాలో గురుత్వ తరంగాలను పట్టే లైగో కేంద్రాల్లో 4 కి.మీ. చొప్పున పొడుగున్న గొట్టాలు ఇంతకంటే ఎన్నో రెట్లు నిఖార్సయిన శూన్యంతో ఏళ్ల తరబడి నిలిచి ఉన్నాయి. తుపాకీ గుండుకు చిన్న చిల్లు పడితే చాలు, లోపలివాళ్లంతా చనిపోతారని ప్రచారంలో ఉన్న మాట కూడా నిజం కాదు. గొట్టంలో ఉన్న ఖాళీ ఎంతో పెద్దది, చిన్న చిల్లు దాన్ని నింపడానికి చాలాసేపు పడుతుంది, పంపులకు అది తెలుస్తుంది. లారీ గుద్దో, భూకంపం వచ్చో గొట్టం అడ్డంగా తెగితే అది వేరే మాట. అప్పుడు గాలి ధ్వనివేగంతో సమానంగా లోపలికి దూకుతుంది, ఎదురొచ్చే పెట్టెకు అది గోడలా తగులుతుంది.

ఎండ గురించీ అంతే. ఉక్కు ఒక డిగ్రీ వేడికి మీటరుకు కోటిలో 120 వంతులు సాగుతుంది. హైదరాబాద్–విజయవాడ 270 కి.మీ. గొట్టం వేశామనుకుందాం. జనవరి తెల్లవారుజాముకూ మే నెల మిట్టమధ్యాహ్నానికీ ఉక్కు వేడిలో 50 డిగ్రీల తేడా వస్తే, గొట్టం 160 మీటర్లు పెరగాలని చూస్తుంది. ఆ అంకె చూపించి ఇది జరిగే పని కాదని తీర్మానించేవాళ్లున్నారు. మన రైలు పట్టాలూ ఉక్కే. కిలోమీటర్ల పొడుగున అతుకు పెట్టి వేస్తున్నారు. స్లీపర్లూ కంకరా ఆ సాగుదలను బిగబట్టి ఉంచుతాయి. గొట్టాన్నీ అలా పట్టి ఉంచవచ్చు, లేదా స్తంభాల మీద జారనిచ్చి చివరన స్టేషన్ దగ్గర సర్దుకోనివ్వవచ్చు. మస్క్ పత్రం రెండో దారి చెప్పింది. కుదరదనలేం గానీ, పట్టాను ఎవరు ఎలా కాపాడుతున్నారో దగ్గర్నుంచి చూసినవాళ్లకు ఆ ‘కుదురుతుంది’ వెనక ఎంత చాకిరీ ఉందో తెలుస్తుంది.

కాజీపేట–విజయవాడ లైను పక్కన పెరిగినవాణ్ణి నేను. మా ఊరి మీదుగా రోజూ పొద్దున్నే కీమ్యాన్ ఒకాయన నడిచి వెళ్లేవాడు. భుజాన జెండాల సంచి, చేతిలో పొడుగు పిడి సుత్తి, నడుముకు స్పానరు. నాలుగడుగులకోసారి తల వంచి ఎడమ పట్టా, కుడి పట్టా చూసేవాడు. క్లిప్పు మీద సుత్తితో తట్టి చప్పుడు వినేవాడు. బిగువుగా ఉంటే ఖంగుమనేది, వదులైతే చప్పుడు చచ్చుగా వచ్చేది, ఆగి దాన్ని లోపలికి కొట్టేవాడు. మే నెలలో మధ్యాహ్నం మేమంతా తలుపులు వేసుకుని పడుకున్న వేళ పట్టా ఎక్కడైనా పక్కకు తప్పిందేమోనని తలకు తుండు చుట్టుకుని ఇంకో గస్తీ. “రోజూ చూసేదే కదా బాబాయ్, మళ్లీ ఏం చూస్తావ్?” అని అడిగాను ఒకసారి. “నిన్న చూసింది నిన్నటికేరా అబ్బాయ్, రాత్రి ఎన్ని బళ్లు పోయాయో లెక్కపెట్టావా?” అన్నాడు.

పట్టా ఆయన కాలి కింద ఉంది, కంటికి కనిపించేది, చెవికి వినిపించేది. శూన్యంలో ఉన్న పట్టాను, అయస్కాంతాన్ని, అతుకును చూడాలంటే ముందు గొట్టంలోకి గాలి నింపాలి, చూశాక మళ్లీ తోడాలి. లేదా యంత్రాల కళ్లతో చూడాలి. ఆ పని అసాధ్యం కాదు, కానీ వందల కిలోమీటర్ల మీద ప్రతి రోజూ చేయడానికి ఎంతవుతుందో కంపెనీల కరపత్రాల్లో నాకెక్కడా కనిపించలేదు. బ్రూనెల్ తోలు పట్టీ నాకు పదే పదే గుర్తొచ్చేది ఇందుకే.

ప్రమాదం గురించిన అనుమానం దీనికంటే బరువైనది. విమానంలో గాలి ఒత్తిడి పడిపోతే ముసుగులు కిందికి దిగుతాయి, పైలట్ విమానాన్ని గాలి పీల్చగలిగే ఎత్తుకు దింపుతాడు. విమానం ఎగిరే 11 కి.మీ. ఎత్తున ఉండే గాలిలో రెండువందలో వంతు కూడా గొట్టంలో ఉండదు. అక్కడ పెట్టె సీలు పోతే మనిషికి స్పృహ ఉండేది పది పదిహేను సెకన్లు. దిగడానికి ‘కింద’ అంటూ లేదు. ఉన్న ఒక్క దారి గొట్టాన్ని ఆ ముక్కలో వెంటనే గాలితో నింపడం. అలా నింపాలంటే మధ్యమధ్య తలుపులు, కవాటాలు కావాలి. పెట్టె ఆగినచోట జనం దిగడానికి దారి కావాలి. ఇంగ్లండ్–ఫ్రాన్స్ మధ్య చానల్ సొరంగం 50 కి.మీ. పొడుగు. అందులో రెండు రైలు సొరంగాల మధ్య మూడోది కేవలం రక్షణకే తవ్వారు, 375 మీటర్లకొక అడ్డదారి పెట్టారు. 1996లో సరుకుల బండికి మంటలు అంటుకున్నప్పుడు అందరూ బతికి బయటపడింది ఆ దారుల వల్లే. గొట్టానికి ఇవన్నీ పెట్టవచ్చు. పెట్టినకొద్దీ 600 కోట్ల డాలర్ల అంచనా మాత్రం నిలవదు.

వంపుల సంగతికి వద్దాం. అంత వేగంలో మలుపు తిరగాలంటే వంపు ఎంత విశాలంగా ఉండాలి? మస్క్ పత్రం 23.5 కి.మీ. వ్యాసార్ధం చాలంది. దానికి మనిషి తన బరువులో సగమంత బలంతో నొక్కుకుపోవడాన్ని ఒప్పుకోవాలి. రవాణా వ్యాసకర్త, గణితవేత్త అలోన్ లెవీ అది వాంతులు తెప్పించే ప్రయాణమవుతుందని 2013లోనే రాశారు. మామూలు రైలు ప్రయాణికుడికి అలవాటైన పదో వంతు బలానికి పరిమితమైతే వ్యాసార్ధం 117 కి.మీ. కావాలి. హైదరాబాద్ కేంద్రంగా అంత వృత్తం గీస్తే నల్గొండ లోపలే ఉంటుంది, వరంగల్ కాస్త బయటపడుతుంది. గొట్టం వంపు ఆ గీతంత నిదానంగా తిరగాలి. అలాంటప్పుడు జాతీయ రహదారి పక్కనే స్తంభాలు నాటుకుంటూ పోవచ్చు, భూసేకరణ ఉండదు అన్న మాట నిలవదు. రహదారి చెరువును తప్పించుకుంటుంది, గుట్టను చుట్టుకుంటుంది, ఊరి పక్కన ఒరుసుకుంటుంది. గొట్టం వాటి మీదుగా, వాటి లోంచి నేరుగా పోవాలి. ఆ పొలాలు, ఆ ఇళ్లు ఎవరివో వాళ్లను అడగాలి. కాలిఫోర్నియా పత్రంలో లైను లాస్ ఏంజిలిస్ నడిబొడ్డుకు చేరదు, ఉత్తరాన సిల్మార్ దగ్గర ఆగుతుంది. రెండో కొస శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి ఇవతల హేవర్డ్ దగ్గరే ఉంది. ఖర్చు పెరిగేదంతా నగరాల లోపల కాబట్టి ఆ ముక్కలు లెక్కలోకే రాలేదు.

ఖర్చు సంగతి త్వరగా చెప్పేయవచ్చు. ఫోర్బ్స్ పత్రిక 2016లో బయటపెట్టిన హైపర్‌లూప్ వన్ కంపెనీ లోపలి కాగితాల ప్రకారం శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టూ 172 కి.మీ. లైనుకు 900 నుంచి 1,300 కోట్ల డాలర్లు. కిలోమీటరుకు చూస్తే మస్క్ అంచనాకు ఐదు నుంచి ఏడు రెట్లు. మహారాష్ట్రలో ముంబై–పుణె మధ్య 117.5 కి.మీ.కి 70,000 కోట్ల రూపాయలన్నారు, అంటే కిలోమీటరుకు దాదాపు 600 కోట్లు. ముంబై–అహ్మదాబాద్ బుల్లెట్ రైలు 508 కి.మీ.కి మొదటి అంచనా 1.08 లక్షల కోట్లు, కిలోమీటరుకు 213 కోట్లు. అది కూడా ఖరీదైన రైలే, గడువులు దాటిన రైలే. అయినా ఆ సాంకేతికతకు 1964 నుంచి జపాన్‌లో నడిచిన చరిత్ర ఉంది. బండ్లు ఢీకొనడం వల్లో పట్టాలు తప్పడం వల్లో ఒక్క ప్రయాణికుడూ చనిపోని రికార్డు ఉంది.

మరి కట్టి చూసినవాళ్ల అనుభవం ఏమిటి? నెవాడా ఎడారిలో 500 మీటర్ల గొట్టంలో వర్జిన్ హైపర్‌లూప్ (పైన చెప్పిన హైపర్‌లూప్ వన్ కంపెనీకే తర్వాతి పేరు) 2017 చివర్లో ఖాళీ పెట్టెను గంటకు 387 కి.మీ. వేగంతో నడిపింది. 2020 నవంబరు 8న ఇద్దరు ఉద్యోగులను కూర్చోబెట్టి 172 కి.మీ. వేగం చూపించింది. మన వందేభారత్ పరీక్షల్లో 180 దాటింది. 2022 ఫిబ్రవరిలో ఆ కంపెనీ వంద మందికి పైగా ఉద్యోగులను తీసేసి, మనుషుల మాట పక్కన పెట్టి సరుకులు మోస్తామంది. 2023 డిసెంబరు 31తో మూతపడింది. పది కిలోమీటర్ల గొట్టం కూడా కట్టకుండానే 40 కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడి కరిగిపోయింది. కాలిఫోర్నియాలో మస్క్ కంపెనీ స్పేస్ఎక్స్ విద్యార్థుల పోటీల కోసం వేసిన గొట్టాన్ని 2022లో తీసేశారు. నెదర్లాండ్స్‌లో వీన్‌డామ్ దగ్గర 420 మీటర్ల కేంద్రం 2024లో తెరిచారు. అక్కడ వాళ్లు పట్టుకున్న సమస్య నాకు నచ్చింది, అది గొట్టంలో బండి దారి మారడం ఎలా అన్నది. మద్రాసు, హైదరాబాద్, హౌరా, గుంటూరు వైపుల నుంచి లైన్లు వచ్చి కలిసే విజయవాడ జంక్షన్ చూసినవాళ్లెవరికైనా అది ఎంత పెద్ద ప్రశ్నో తెలుసు.

చైనా అందరికంటే ముందుంది. షాంసీలోని దాతోంగ్‌లో 2 కి.మీ. గొట్టంలో గంటకు 623 కి.మీ. దాటామని 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. 2 కి.మీ.లో అంత వేగం అందుకుని ఆగాలంటే సగం దూరం వేగం పెంచడానికి, సగం తగ్గించడానికి అనుకున్నా, మనిషి మీద తన బరువుకు ఒకటిన్నర రెట్ల బలం పడుతుంది. అది ప్రయాణికుల పరీక్ష కాదు, యంత్రాల పరీక్ష. అందులో తప్పేమీ లేదు, అలాంటి పరీక్షలు జరగాలి. గాలి నిరోధం లేకుండా పోతే ఆదా అయ్యే శక్తి నిజం. ఐదారువందల కిలోమీటర్ల విమాన ప్రయాణాలకు ప్రత్యామ్నాయం కావాలన్నదీ నిజం. కానీ గొట్టం లేకుండా అయస్కాంతాల మీద తేలే రైలే ఎంత నిదానంగా ముందుకు పోతోందో చూడండి. షాంఘైలో 30 కి.మీ. లైను 2004 నుంచి నడుస్తోంది, దాన్ని పొడిగించలేదు. మ్యూనిక్ లైను 2008లో ఖర్చు చూసి వదిలేశారు. జపాన్ అయస్కాంత రైలు 2015లో 603 కి.మీ. వేగం అందుకుంది. టోక్యో–నగోయా మధ్య 2027లో మొదలవ్వాలనుకున్నది 2034 తర్వాతకు జరిగింది. గాలి ఉన్నచోటే ఇంత కష్టమైతే, గాలి తీసేశాక తేలికవుతుందని ఎలా అనుకుంటాం?

మన దేశంలో ఐఐటీ మద్రాసు పిల్లలు 2017 నుంచి ‘ఆవిష్కార్’ పేరుతో ఈ పని చేస్తున్నారు. 2022లో రైల్వే శాఖ 8.34 కోట్ల రూపాయలిచ్చింది. తైయూర్ ప్రాంగణంలో 422 మీటర్ల గొట్టం లేచింది. ఈ డబ్బును దండగ అనడానికి నేను ఒప్పుకోను. అయస్కాంతాలు, శూన్యం, మోటార్ల మీద చేతులు పెట్టి నేర్చుకున్న పిల్లలు రేపు ఏ రైలు కట్టినా పనికొస్తారు. నా అభ్యంతరం ప్రయోగశాల మీద కాదు. ప్రయోగశాల దాటకముందే దాన్ని ఊళ్లకు అమ్మడం మీద. నీతి ఆయోగ్ సభ్యుడు వి.కె. సారస్వత్ 2023 చివర్లో, విదేశాల నుంచి వచ్చిన హైపర్‌లూప్ ప్రతిపాదనలు పరిణతి చెందని స్థాయిలో ఉన్నాయని సూటిగా చెప్పారు. 2019లో ముంబై–పుణె ప్రాజెక్టుకు ఆమోదం తెలిపిన మహారాష్ట్రలో, ఏడాది తిరగకుండా కొత్త ప్రభుత్వంలో ఉప ముఖ్యమంత్రి అజిత్ పవార్, ఇంకెక్కడైనా విజయవంతమయ్యాక చూద్దామన్నారు.

ఊళ్లకు అమ్మడమన్నాను కదా, మనకూ వచ్చింది ఆ బేరం. 2017 సెప్టెంబరు 6న హైపర్‌లూప్ ట్రాన్స్‌పోర్టేషన్ టెక్నాలజీస్ అనే కంపెనీ ఆంధ్రప్రదేశ్ ఆర్థికాభివృద్ధి మండలితో అవగాహన ఒప్పందం చేసుకుంది. విజయవాడ–అమరావతి మధ్య గంటకు పైగా పట్టే ప్రయాణం 6 నిమిషాల్లో ముగుస్తుందన్నారు. ఆరు నెలల అధ్యయనం అన్నారు. ఆ దూరం ఎక్కణ్ణుంచి ఎక్కడికి కొలుస్తామన్నదాన్ని బట్టి 20 నుంచి 40 కి.మీ. మనిషి తట్టుకునే మెల్లని త్వరణంతో మొదటి మూడు నిమిషాలు వేగం పెంచుతూ, తర్వాత మూడు నిమిషాలు తగ్గిస్తూ పోతే దాదాపు 32 కి.మీ. వస్తుంది. అంటే ఆ దారిలో 1,220 కి.మీ. వేగం అందుకునే చోటే లేదు. విజయవాడ బెంజి సర్కిల్ నుంచి గొట్టం స్టేషనుకు చేరడానికి అరగంట, తనిఖీకి పావుగంట, గాలి తలుపుల గదిలో కాసేపు. 6 నిమిషాలు మిగిల్చేది ఏమిటో ఆ రోజు పత్రికల్లో ఎవరూ లెక్కగట్టలేదు. గొట్టం రాలేదు.

రాకపోవడంతో పోయిందేముంది అనవచ్చు. కాలిఫోర్నియా కథ చూస్తే పోయేదేమిటో తెలుస్తుంది. అక్కడి ప్రజలు 2008లో ఓటు వేసి హైస్పీడ్ రైలుకు దాదాపు వెయ్యి కోట్ల డాలర్ల బాండ్లు ఆమోదించారు. మస్క్ పత్రం మొదలయ్యేదే ఆ రైలు మీద నిరాశతో, అది ఖరీదైనదనీ నిదానమైనదనీ. మస్క్ జీవితచరిత్ర రాసిన ఆష్లీ వాన్స్ ప్రకారం గొట్టం ఆలోచనకు ఆ రైలంటే ఉన్న అయిష్టమే మూలం. రైలుకు దాని తప్పులు దానికున్నాయి. అంచనా 6,800 కోట్ల డాలర్ల నుంచి 10,000 కోట్లు దాటింది, గడువులు జారిపోయాయి. కానీ అది ఆలస్యమైన ప్రతిసారీ, ఇంతలో అంతకంటే వేగమైనది, చవకైనది వస్తుందిలే అనే మాట వినబడింది. ఆ వచ్చేదానికి స్టేషను లేదు, వంతెన లేదు, గుమాస్తా లేడు, టికెట్టు లేదు. ఒక కాగితానికీ ఒక కట్టడానికీ పోటీ పెడితే కాగితానికి ఎప్పుడూ ఖర్చు తక్కువే.

కాగితం దాటి కట్టిన సొరంగమూ ఒకటుంది. లాస్ వేగాస్‌లో మస్క్ మరో కంపెనీ ఎగ్జిబిషన్ హాళ్ల కింద 2.7 కి.మీ. సొరంగాలు తవ్వి 2021లో తెరిచింది. శూన్యం లేదు, తేలే పెట్టెలు లేవు. అందులో టెస్లా కార్లను డ్రైవర్లు నడుపుతున్నారు.

అమరావతి దగ్గరికే వస్తాను. 2024 అక్టోబరు 24న కేంద్ర మంత్రివర్గం ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకు 57 కి.మీ. మామూలు రైలుమార్గానికి ఆమోదం తెలిపింది. 2,245 కోట్ల రూపాయలు. కృష్ణా నది మీద 3.2 కి.మీ. వంతెన. ఆ దారిలో బండి పెద్ద వేగంతో ఏమీ పోదు. లోడు సరుకు బండి పోతుంది, పాసింజరు పోతుంది, పొద్దున్నే కీమ్యాన్ నడుస్తాడు. 9 కొత్త స్టేషన్లు, దాదాపు 168 గ్రామాలు, 12 లక్షల జనం అని ఆ రోజు ప్రభుత్వం చెప్పిన లెక్క. 2017 నాటి గొట్టం వేసి ఉన్నా, ఆ 168 ఊళ్లలో ఏ ఒక్కచోటా అది ఆగేది కాదు.